విజయనగరంలో వేసవి సెలవులు: తక్కువ ఖర్చుతో పిల్లలకు ఏం చూపించవచ్చు, ఎప్పుడు చూపించాలి

అమ్మా, మీరు అడిగిన విషయం క్లుప్తంగా ఇది. పదకొండేళ్ల అబ్బాయికీ, ఏడేళ్ల అమ్మాయికీ ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా బడి ఉండదు. మీవారికి ఆదివారం తప్ప తీరిక లేదు. ఇంట్లో ఏసీ లేదు. నెలకు రెండు వేల రూపాయలకు మించి ఈ సెలవుల మీద ఖర్చు పెట్టే వీలు లేదు. అంతర్జాలంలో వెతికితే అమెరికాలోని ఎడారి నగరాల్లో కాపురముండే కుటుంబాల కోసం రాసిన జాబితాలు కనిపించాయి. అవి మన విజయనగరానికి పనికొస్తాయా అన్నది మీ సందేహం.

సగం పనికొస్తాయి. ఈ ప్రాంతంలో బడిపంతులుగా పనిచేసి, వేసవుల్లో పిల్లల శిబిరాలు నడిపిన అనుభవంతో చెబుతున్నాను: ఇక్కడ సెలవులు బాగా గడవడానికి డబ్బు కంటే ముందు చూసుకోవలసినవి రెండు, గడియారమూ గాలీ. ఏ గంటకు బయటికి వెళ్లాలో, ఆ రోజు గాలి ఏ దిక్కు నుంచి వీస్తున్నదో తెలిస్తే, రెండు వేలు సరిపోవడమే కాదు, కొంత మిగులుతుంది కూడా.

ఎడారి జాబితాల్లోని తర్కం ఏమిటంటే, ఫీనిక్స్ వంటి నగరంలో జూలై మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటడం మామూలు విషయం కనుక, అక్కడి తల్లిదండ్రులు తెల్లవారుజామునే పిల్లలను ఆరుబయట తిప్పి, ఎండ ముదిరేసరికి గ్రంథాలయానికో, ప్రదర్శనశాలకో, తక్కువ టికెట్టున్న ఉదయపు ఆట సినిమాకో చేరుకుని, పొద్దు వాలాక మళ్లీ బయటికి వస్తారు. ఈ దినచర్యను మనం యథాతథంగా తీసుకోవచ్చు. తీసుకోకూడనిది వాళ్ల ఇంటి చిట్కాలు. అక్కడి గాలి పొడిది. పొడిగాలిలో చెమట వెంటనే ఆరి ఒళ్లు చల్లబడుతుంది, కూలరు పెడితే గది చల్లబడుతుంది, రాత్రికి ఊరంతా కొంత తెరిపిన పడుతుంది. మనది సముద్రానికి దగ్గరి జిల్లా. గాలిలో ఇప్పటికే తేమ నిండి ఉన్నప్పుడు చెమట ఆరదు, కూలరు ఆ తేమకు మరింత తేమ చేరుస్తుంది, చివరికి కుండలో నీళ్లు కూడా ఆశించినంత చల్లగా ఉండవు. అందుకే ఇక్కడ 36 డిగ్రీల రోజు కూడా మనిషిని కుంగదీస్తుంది.

అయితే మనకు రెండు రకాల వేడి రోజులున్నాయి. మీ ప్రణాళిక అంతా ఈ తేడా మీద ఆధారపడాలి. మొదటిది ఉక్కరోజు. నేల వేడెక్కినకొద్దీ సముద్రం మీది గాలి లోపలికి వస్తుంది; విజయనగరం తీరాన్ని ఆనుకుని లేదు కనుక ఆ గాలి భీమిలికో చింతపల్లికో చేరినంత త్వరగా మనకు చేరదు, కానీ మధ్యాహ్నం దాటాక వస్తుంది. ఉష్ణోగ్రత మరీ పెరగదు, ఉక్కపోత మాత్రం ఉంటుంది. ఆ రోజు కిటికీలు ఎదురెదురుగా తెరిచి, గాలి ఆడనివ్వాలి. రెండవది పడమటి గాలి రోజు. ఛత్తీస్‌గఢ్, ఒడిశా వైపు నుంచి పొడిగా, సెగలా వచ్చే గాలి సముద్రపు గాలిని లోనికి రానివ్వదు. మనం వడగాలి అనేది దీన్నే. ఆ రోజు మాత్రం మనది అచ్చంగా ఎడారి నగరమే. ఉదయం తొమ్మిదికల్లా పడమటి కిటికీలు మూసి, తడిపిన గోనెపట్టా గానీ వట్టివేళ్ల తడిక గానీ కట్టుకోవాలి. కూలరు పనిచేసేది కూడా ఆ రోజే. తీరప్రాంతపు కేంద్రాలకు వడగాలి హద్దుగా భారత వాతావరణ శాఖ 37 డిగ్రీలను, మైదానాలకు 40 డిగ్రీలను పెట్టుకుంది. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాలవారీగా ముందురోజే హెచ్చరికలు ఇస్తుంది. రాత్రి పడుకోబోయే ముందు అది చూసుకుని, రేపటి కార్యక్రమం నిర్ణయించుకోండి. వడగాలి అని మీ మండలం పేరు కనిపిస్తే, ఎంత ఆశపడ్డ ప్రయాణమైనా వాయిదా వేయండి.

ఇక గడియారం. తూర్పు తీరంలో ఉన్నాం కనుక మే నెలలో ఐదున్నరకు ముందే సూర్యుడు వచ్చేస్తాడు. ఎనిమిదిన్నరకే ఎండ చురుక్కుమంటుంది. హైదరాబాదులో ఉన్న బంధువులు ఏడింటికి నడకకు వెళతామంటే అది వాళ్లకు చెల్లవచ్చు, మనకు చెల్లదు. పిల్లలను ఐదింటికి లేపడం మొదటి నాలుగు రోజులు కష్టం. రాత్రి తొమ్మిదికి పడుకోబెడితే, మధ్యాహ్నం ఒక గంట నిద్రపోనిస్తే, తరువాత వాళ్లే లేస్తారు.

ఉదయాలకు ఊళ్లోనే బోలెడు పని ఉంది, పైసా ఖర్చు లేదు. ఒకరోజు అయ్యకోనేరు గట్టు, ఒకరోజు పెద్దచెరువు వైపు, ఒకరోజు కోట చుట్టూ నడక. కోటను 1713లో కట్టారని చెప్పి ఊరుకోకండి, పిల్లలకు సంవత్సరాలు అంటవు. గోడ ఎంత మందమో అడుగులతో కొలవమనండి, బురుజులు ఎన్నో లెక్కపెట్టమనండి, ఇంటికి వచ్చాక కాగితం మీద కోట పటం గీయమనండి. మరొక ఉదయం గంటస్తంభం నుంచి బయలుదేరి, గురజాడ అప్పారావు గారు నివసించిన ఇంటి మీదుగా మహారాజా సంగీత కళాశాల దాకా వెళ్లండి. 1919లో ప్రారంభమైన ఆ కళాశాలకు తొలి ప్రధానాచార్యులు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు. ఘంటసాల, సుశీల అక్కడే చదువుకున్నారు. పిల్లలకు ఆ పేర్లు తెలియకపోతే, ముందురోజు మధ్యాహ్నం వాళ్ల పాట ఒకటి వినిపించి తీసుకువెళ్లండి. గురజాడ వారి ఇల్లు లోపలికి వెళ్లి చూడాలంటే మాత్రం అంత పొద్దున తెరవరు; సాయంత్రం పూట మరొకసారి వెళ్లవలసి ఉంటుంది.

మీ అబ్బాయికి ఆటల మీద ఆసక్తి ఉంటే, జిల్లా క్రీడాప్రాధికార సంస్థ ఆధ్వర్యంలో వేసవి శిక్షణ శిబిరాలు నడుస్తాయి, అవి ఉదయం, సాయంత్రం వేళల్లోనే ఉంటాయి. ప్రైవేటు వేసవి శిబిరాలకు వేలకు వేలు కట్టే ముందు వీటిని చూడండి. బరువులెత్తే ఆటకు మన జిల్లా పేరున్నది: నెల్లిమర్ల మండలంలోని కొండవెలగాడ ఒక్క ఊరి నుంచే ఎందరో వెయిట్‌లిఫ్టర్లు వచ్చారు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి పక్కనున్న శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస ప్రాంతపు అమ్మాయి. పదకొండేళ్లవాడి చేత బరువులెత్తించమని నేను చెప్పడం లేదు. ఒక ఉదయం సాధన చూసి రమ్మంటున్నాను.

పది నుంచి నాలుగు దాకా ఉన్న ఆరు గంటలే అసలు చిక్కు. ఫోను చేతికిస్తే గడిచిపోతాయని అందరికీ తెలుసు, అందుకే ఈ భాగం మీద కాస్త ఎక్కువ చెబుతాను.

మొదట గ్రంథాలయం. జిల్లా గ్రంథాలయ సంస్థ ప్రతి వేసవిలోనూ పిల్లలకు ఉచిత శిబిరాలు పెడుతుంది: కథలు చదివించడం, చెప్పించడం, బొమ్మలు వేయించడం, చదరంగం, చేతిపనులు. శాఖా గ్రంథాలయాల్లో కూడా జరుగుతాయి కనుక మీ ఇంటికి దగ్గరిది ఏదో చూసుకోండి. పదింటి ఎండలో ఊరు దాటించి తీసుకువెళ్లవలసిన చోటైతే, అందులో సగం ప్రయోజనం పోతుంది. శిబిరం లేని రోజుల్లో కూడా సభ్యత్వం తీసుకుంటే పుస్తకాలు ఇంటికి తెచ్చుకోవచ్చు. చిన్నదానికి మీరు చదివి వినిపించాలి, పెద్దవాడి చేత చెల్లెలికి చదివించాలి. రెండోది మరింత మంచిది, ఇద్దరూ ఒకచోట కూర్చుంటారు.

తరువాత నేల మీద ఆడే ఆటలు. పులిజూదానికి కావలసింది సుద్దముక్కతో గీసిన గడీ, మూడు పెద్ద గింజలు, పదిహేను చిన్న గింజలు. పులులు మూడు, మేకలు పదిహేను. బలం తక్కువైనవాళ్లు గుంపుగా కదిలితే బలవంతుణ్ణి ఎలా కట్టేయవచ్చో ఆ ఆట చూపిస్తుంది, చదరంగానికి అది మంచి ఉపోద్ఘాతం కూడా. ఏడేళ్ల పిల్లకు వామనగుంటలు నప్పుతాయి: పద్నాలుగు గుంటలు, గుంటకు ఐదేసి చింతపిక్కలు. కొంతసేపు ఆడాక ఏ గుంట నుంచి ఎత్తితే ఎక్కడ ఆగుతుందో లెక్క కట్టడం మొదలుపెడుతుంది. మీరు లెక్కలు చెబుతున్నానని అనకండి. అష్టాచెమ్మా, వైకుంఠపాళి ఎలాగూ ఉన్నాయి. అబ్బాయికి ఈ ఆటలు రెండో రోజుకే విసుగనిపిస్తే, ఇంట్లోని పెద్దలను ఒకసారి ఆటకు కూర్చోబెట్టండి. అమ్మమ్మ చేతిలో ఓడిపోయినవాడు మళ్లీ ఆడతాడు.

మూడవది, ఎండను తిట్టుకునే బదులు దాని చేత పని చేయించడం. మన జిల్లాలో లక్కవరపుకోట మండలం భీమాలి మామిడి తాండ్రకు పేరున్న ఊరు. మామిడి రసాన్ని చాపల మీద పలచగా పరిచి, ఎండబెట్టి, దాని మీద మరొక పొర, మళ్లీ ఎండ, ఇలా పొరపొరగా మందం తెస్తారు. ఇదే పని ఇంట్లో పళ్లెంలో చేయవచ్చు. రసం ఎక్కువ ఉండి పీచు తక్కువ ఉన్న పళ్లు తెచ్చి, పిండి, వడకట్టి, బెల్లం కలిపి, కొంచెం నెయ్యి రాసిన పళ్లెంలో పలచగా పోసి, పైన పలచటి గుడ్డ కట్టి డాబా మీద పెట్టాలి. రోజుకొక పొర. పొద్దున పెట్టడం, సాయంత్రం తీయడం, ఈగలు వాలకుండా చూడడం పిల్లల బాధ్యత. పడమటి గాలి రోజున పొర ఒక్క పూటలోనే ఆరుతుంది, ఉక్కరోజున మర్నాటికి కూడా జిగురుగానే ఉంటుంది. నేను పైన చెప్పిన రెండు రకాల రోజుల తేడా పిల్లలకు ఇంతకంటే బాగా మరెక్కడా అర్థం కాదు. ఏ రోజు ఎంతసేపు పట్టిందో కాలెండరు మీద రాసుకోమనండి. వడియాలు, అప్పడాలు మీకు నేను చెప్పనవసరం లేదు.

సినిమా గురించి ఎక్కువ చెప్పను. ఏసీ హాలులో మూడు గంటలు చల్లగా గడుస్తుంది, నిజమే. కానీ నలుగురికీ టికెట్లు, లోపల తినుబండారాలు కలిపితే మీ నెల లెక్కలో పెద్ద ముక్క పోతుంది. సెలవులన్నిటికీ ఒక్కటి చాలు.

ఆదివారాల ప్రయాణాలకు వద్దాం. ముందు ఖర్చు సంగతి. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో స్త్రీలకు, బాలికలకు పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆధార్ వంటి గుర్తింపు కార్డు చూపి సున్నా టికెట్టు తీసుకోవాలి. అంటే మీకూ అమ్మాయికీ ఖర్చు లేదు, అబ్బాయికి అర టికెట్టు, మీవారికి మాత్రమే పూర్తి టికెట్టు. ఇంతకుముందు ఆటో మాట్లాడుకుని వెళ్లిన చోట్లకు ఇప్పుడు బస్సులో వెళ్లడమే మేలు. రైలులో అయితే ప్యాసింజరు, మెము బండ్లకు జనరల్ టికెట్టు తక్కువ, ఐదేళ్లు దాటిన పిల్లలకు అందులోనూ సగమే.

అన్నిటికంటే దగ్గరిది రామతీర్థం, ఊరికి పన్నెండు కిలోమీటర్లు. గుడి, కోనేరు అందరికీ తెలిసినవే. చాలామంది చూడకుండా వచ్చేసేవి ఆ కొండలు. గురుభక్తుల కొండ మీద బౌద్ధుల స్తూపం, చైత్యాలు, విహారాల ఇటుక పునాదులు ఉన్నాయి, దుర్గకొండ వైపు జైనుల ఆనవాళ్లు కూడా కనిపిస్తాయి. ఒకే చోట మూడు మతాల గుర్తులున్నాయన్నది పెద్దవాడికి తప్పక చెప్పవలసిన విషయం. అయితే అవి రాతికొండలు. తెల్లవారేసరికి కొండ కింద ఉంటే ఎక్కండి. ఎనిమిది దాటితే ఎక్కవద్దు, రాయి వేడెక్కాక దిగేటప్పుడు కాళ్లు కాలుతాయి. కోతులున్నాయి, చేతిలో తినుబండారాలు కనపడనివ్వకండి.

నాకు బాగా ఇష్టమైన ప్రయాణం బొబ్బిలిది. రాయగడ వైపు వెళ్లే ప్యాసింజరు ఎక్కితే, విశాఖ వైపున్న కొత్తవలస దారిలా కిక్కిరిసి ఉండదు, గజపతినగరం దాటాక కిటికీలోంచి కొండలు, మామిడితోటలు కనిపిస్తాయి. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధం కథను రైలులోనే చెప్పేయండి. దిగాక గొల్లపల్లికి ఆటోలో వెళ్లండి. బొబ్బిలి వీణలు తయారయ్యేది అక్కడే. పనసకర్రను ఎంచి, మొత్తం వీణను ఒకే దుంగలోంచి తొలచడం అక్కడి పనితనం. కుండ భాగాన్ని తొలిచేటప్పుడు గోడ ఎంత మందం మిగలాలో చెయ్యి వేసి చూసుకుంటారు, కొలబద్ద అంతగా వాడరు. తరువాత మెట్లు నిలిచే పట్టీకి, అంటే మేళానికి, మైనం పరిచి, ఇరవై నాలుగు మెట్లను ఒక్కొక్కటిగా శ్రుతి సరిచూస్తూ అందులో నిలబెడతారు. పిల్లలకు చెక్కపొట్టు వాసన, ఉలి చప్పుడు, చివర తీగ మీటినప్పుడు వచ్చే నాదం, మూడూ ఒకే చోట దొరుకుతాయి. బహుమతులకిచ్చే బుల్లి వీణలు కూడా అక్కడ చేస్తారు. కొనిపెట్టమని అడుగుతారు, ముందే మాట అనుకుని వెళ్లండి. పనివాళ్ల ఇళ్లలోనే పని జరుగుతుంది కనుక, వాళ్లను అడిగి, పని ఆపకుండా ఒక పక్కన కూర్చుని చూడడం మర్యాద.

పొందూరు కూడా రైలు దారిలోనే ఉంది, పలాస వైపు వెళ్లే మెము అక్కడ ఆగుతుంది. ఖద్దరు అంటే ముతకబట్ట అనుకునేవాళ్లు పొందూరు నేత చూస్తే నోరు తెరుస్తారు. పత్తిలోని నలకలు తీసి పోగులు సవరించడానికి వాలుగ చేప దవడ ఎముకను వాడతారు. దాని సన్నని పళ్లు దువ్వెన పళ్లలా పనిచేస్తాయి. ఒంటి కదురు రాట్నం మీద వడికే నూలు నూరు కౌంటు దాకా వెళుతుంది; కౌంటు ఎంత పెరిగితే నూలు అంత సన్నన. ఈ పని చేసేవాళ్లలో చాలామంది వయసు మళ్లిన స్త్రీలు. వాళ్లను చూసి మీ అమ్మాయి ప్రశ్నలు అడుగుతుంది, వాళ్లు విసుక్కోకుండా చెబుతారు. ఇక్కడ ఒక చిక్కు. ఆదివారం ఖద్దరు సంఘాల అమ్మకపు కేంద్రాలు మూసి ఉండవచ్చు, వడికేవాళ్లు కూడా పని పెట్టుకోకపోవచ్చు. దీనికి మీరూ పిల్లలూ వారం మధ్యలో ఉదయపు బండికి వెళ్లి మధ్యాహ్నానికి తిరిగి రావడమే తగినది. మీవారికోసం ఎదురుచూడవద్దు.

శ్రీకాకుళం వైపు ఒక పూర్తి ఆదివారం పెట్టుకోవచ్చు. చాలామంది అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం, శ్రీముఖలింగం అన్నీ ఒకే రోజులో చుట్టేయాలని చూస్తారు. మేలో అది పిల్లల మీద కక్ష తీర్చుకోవడమే అవుతుంది. రెండింటికి మించి పెట్టుకోకండి. నా ఎంపిక శాలిహుండం, శ్రీకూర్మం. శాలిహుండం వంశధార ఒడ్డున గార మండలంలో ఉన్న బౌద్ధ క్షేత్రం. దాన్ని 1919లో వెలుగులోకి తెచ్చినది వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారే. మెట్లదారికి నీడ తక్కువ కనుక అక్కడికి ముందు వెళ్లాలి. పైనుంచి నది, ఇసుకతిన్నెలు, దూరంగా సముద్రం వైపు చదునైన నేల కనిపిస్తాయి. నది సముద్రంలో కలిసే చోట కళింగపట్నం రేవు ఎందుకు వెలసిందో పెద్దవాడికి అక్కడి నుంచి చూపిస్తే పటం అక్కరలేదు. తరువాత శ్రీకూర్మం. మండపపు రాతి స్తంభాల నడుమ ఆ ఎండలోనూ చల్లగా ఉంటుంది, గోడల మీది పాత వర్ణచిత్రాలున్నాయి, గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్లను పెంచుతున్నారు. ఏడేళ్ల పిల్లకు రోజంతటిలోనూ గుర్తుండిపోయేది అవే. మధ్యాహ్నం దర్శనం ఆపే వేళకు ముందే చేరుకోండి.

మీ అబ్బాయి కథల పుస్తకాలు చదివేవాడైతే శ్రీకాకుళం పట్టణంలోనే ఉన్న కథానిలయం చూపించండి. కాళీపట్నం రామారావు గారు, మనందరి కారా మాస్టారు, 1997 ఫిబ్రవరి 22న దాన్ని తెలుగు కథ కోసమే ప్రారంభించారు. ఒక భాషలోని కథలన్నీ ఒకచోట ఉండాలని ఒక బడిపంతులు పూనుకున్నాడన్న సంగతి, వృత్తిరీత్యా నాకు గర్వంగా ఉంటుంది, దాచుకోను. అది విహారస్థలం కాదు. పిల్లలు గంటసేపు నిశ్శబ్దంగా కూర్చోగలిగితేనే, తెరిచి ఉండే వేళలు ముందుగా కనుక్కుని వెళ్లండి.

వేసవిలో వెళ్లవద్దని చెప్పవలసిన చోటు కూడా ఒకటి ఉంది. టెక్కలి దగ్గరి తేలినీలాపురం పక్షుల విడిది గురించి ఎవరైనా చెబుతారు. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు అక్కడ శీతాకాలంలో ఉంటాయి, మార్చి దాటాక వెళ్లిపోతాయి. ఖాళీ చెట్లు చూసి రావలసి వస్తుంది. దాన్ని సంక్రాంతి సెలవులకు ఉంచుకోండి.

సముద్రానికి చింతపల్లి చాలు. పూసపాటిరేగ మండలంలోని ఆ తీరం భీమిలి, విశాఖ తీరాలంత రద్దీగా ఉండదు. దగ్గరి కొండ మీద పందొమ్మిదవ శతాబ్దపు దీపస్తంభం ఉంది. సముద్రంలో మునిగి ఉన్న శాంతపల్లి బండల గురించి ఓడలను హెచ్చరించడానికే దాన్ని కట్టారు. దీపస్తంభం సాధారణంగా సాయంత్రం పూటే చూడనిస్తారు. కానీ ఓడలకు ప్రమాదమైన చోటు మనుషులకు క్షేమం కాదు. మన తీరంలో అడుగు కొద్ది దూరంలోనే లోతవుతుంది, వెనక్కు లాగే ప్రవాహాలు పైకి కనిపించవు, ప్రతి వేసవిలోనూ ఈత వచ్చిన యువకులే పోతున్నారు. పిల్లలను మడమ తడిసేదాకానే రానివ్వండి, వాళ్లకూ సముద్రానికీ మధ్య మీవారు నిలబడాలి. నాగావళి, వంశధార, చంపావతి నదుల్లో కూడా ఇసుక తీసిన గోతులు నీళ్ల కింద దాగి ఉంటాయి. చదునుగా, మోకాలి లోతుగా కనిపించే నీటిని నమ్మవద్దు. క్వారీ గుంటల జోలికి అసలే పోవద్దు.

చల్లటి చోటు కావాలంటే అరకు. దీనికి ఒక చిన్న ఉపాయం ఉంది. కిరండూల్ ప్యాసింజరు కోసం విశాఖ దాకా వెళ్లనక్కరలేదు. బస్సులో శృంగవరపుకోట చేరుకుని అక్కడ ఎక్కవచ్చు. ఘాటు మొదలయ్యేది ఆ తరువాతనే కనుక సొరంగాలు, లోయలు ఏవీ తప్పిపోవు. బొర్రా గుహల దగ్గర దిగితే లోపల మేలో కూడా చల్లగానే ఉంటుంది. ఆదివారం మాత్రం ఆ బండిలో నిలబడడానికి కూడా చోటు దొరకదు. మీవారు ఒక్క వారం మధ్య రోజు సెలవు పెట్టగలిగితేనే ఈ ప్రయాణం పెట్టుకోండి. విశాఖ జంతుప్రదర్శనశాల, నీళ్ల పార్కులు వంటివి వద్దని అనను, కానీ ఒక్క రోజుకు మీ నెల డబ్బంతా అడుగుతాయి.

పల్లెలో అమ్మమ్మ ఇల్లు గానీ, పెదనాన్న ఇల్లు గానీ ఉంటే, వారం పది రోజులు అక్కడ ఉంచడం వీటన్నిటి కంటే చవక. ఈ నెలల్లో మన పల్లెల్లో గ్రామదేవతల సంబరాలు జరుగుతాయి. రాత్రి పూట తప్పెటగుళ్ల వాళ్లు గుండెల మీద రేకు తప్పెట కట్టుకుని, కాళ్లకు గజ్జెలతో, ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కుతూ ఆడే ఆటను పిల్లలు ఫోను తెర మీద చూసినా ఆ ఊపు రాదు. తాటిముంజలు, పనసతొనలు, ఈతపళ్లు ఊళ్లోనే దొరుకుతాయి. ఉద్దానం వైపు బంధువులుంటే జీడితోటలకు వెళతారు. పచ్చి జీడిపిక్క పైతొక్కలో ఉండే జిడ్డు చర్మాన్ని పొక్కిస్తుంది, పిల్లలను పిక్కలు కొట్టనివ్వకండి.

తిండి, నీళ్ల విషయం. బయలుదేరే ముందు చోడి (రాగి) అంబలి గానీ మజ్జిగన్నం గానీ కడుపునిండా పెట్టండి, నీళ్లు ఇంటి నుంచే మోసుకువెళ్లండి. రంగునీళ్లు, వీధి ఐసు కొనవద్దు. పిల్ల నీరసంగా ఉంటే ఓఆర్ఎస్ పొట్లం కలిపి ఇవ్వండి. పొట్లం లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా అంటే టీ చెంచా, తలగొట్టి కొలవాలి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతుంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, తడిగుడ్డలతో తుడుస్తూ, విసురుతూ, వెంటనే 108కి ఫోను చేయండి. స్పృహ లేనప్పుడు నోట్లో నీళ్లు పోయకండి.

మే నెలాఖరులో, రోహిణి కార్తె నడుస్తున్న రోజుల్లో, సాయంత్రాలు ఉరుములతో గాలివానలు వస్తాయి. చల్లబడిందని పిల్లలు డాబా మీదికో మైదానానికో పరుగెత్తుతారు. మన జిల్లాలో పిడుగులు పడేది ఆ వేళలోనే. ఉరుము వినిపించిందంటే లోపలికి రావలసిందే, చెట్టు కిందికి కాదు, పక్కా ఇంట్లోకి; ఆఖరి ఉరుము తరువాత మరో అరగంట ఆగాలి.

మీరు ముందుగా చేయవలసిన పనులు రెండే. గ్రంథాలయ శిబిరానికి, క్రీడా శిబిరానికి పేర్లు ఏప్రిల్ ఆఖరి వారంలోనే రాయించండి, మే మొదటి వారానికల్లా చోటు నిండిపోతుంది. మీ గుర్తింపు కార్డు మీద, అమ్మాయి కార్డు మీద ఆంధ్రప్రదేశ్ చిరునామా ఉందో లేదో చూసుకోండి. వేరే రాష్ట్రపు చిరునామా ఉంటే బస్సులో సున్నా టికెట్టు ఇవ్వరు. అబ్బాయి కొండలెక్కగలడా, అమ్మాయికి బస్సు ప్రయాణం పడుతుందా అన్నది తెలియజేస్తే, మొదటి ఆదివారానికి ఏది బాగుంటుందో చెప్పగలను. ప్రస్తుతానికి రామతీర్థంతో మొదలుపెట్టమంటాను.